రేకుల మీద చిన్నసేటు

తినాలి. ఏడవకూడదు, పైకి చూసి కేకలు పెట్టకూడదు, చేతులు ఊపకూడదు. లోకంలో ఇంతకు మించిన జామపండు లేదన్నట్టు తీరిగ్గా కూర్చుని చప్పరిస్తూ తినాలి. కమలాబాయి ఖాళీ గోనెసంచుల కట్ట మీద కూర్చుని ఆ పనే చేస్తోంది. ఎదురుగా గోదాము, గోదాము మీద రేకుల కప్పు, ఆ కప్పు కొప్పున చిన్నసేటు. నీలం వీపు, పసుపుకొమ్మును అప్పుడే విరిచినట్టున్న కడుపు, మూరెడు తోక, వంకీ తిరిగిన నల్లటి ముక్కు. సముద్రాల అవతలి జాతి చిలుక, మకావ్ అంటారు. మన పచ్చచిలుకలు అరడజను కలిపి కాంటా మీద పెట్టినా వాడి తూకానికి రావు. కూర్చున్న తీరు మాత్రం మామూలే, రైతుల పసుపు అమ్మిపెట్టే ఈ అడ్తి దుకాణం తన తాతలు కట్టించినట్టే కూర్చున్నాడు. కానీ ఒక కాలు ఎత్తి దించుతున్నాడు, మళ్లీ రెండో కాలు. అంటే భయపడుతున్నాడు. అది ఈ వాకిట్లో ఇంకెవరికీ తెలియదు, ఆమెకు తెలుసు. ఎక్కడం వాడికి వచ్చు, దిగడమే రాదు. ఇంట్లో ఏ బీరువా ఎక్కినా ముక్కుతో పట్టుకుని కాలు వేసి, మళ్లీ ముక్కుతో పట్టుకుని కాలు వేసి దిగేవాడు. ఈ రేకులు నున్నగా జారిపోతున్నాయి, ముక్కుకు పట్టు లేదు. పొద్దు వాలుతోంది. చీకటి పడితే వాడికి దారి కనబడదు. కంగారులో ఎటు లేస్తాడో, రోడ్డు మీద కరెంటు తీగలు ఎన్ని ఉన్నాయో, తెల్లవారితే ఏ గద్ద చూస్తుందో. కమలాబాయి ఇంకో ముక్క కొరికింది. "అబ్బ, ఎంత తియ్యగున్నదో," అంది పైకి వినబడేలా.

ఎదుటివాళ్లు తింటుంటే వాడు ఓర్వలేడు. తన గిన్నెలో బాదంపప్పులున్నా సరే, ఆమె కంచంలో ఉత్త జొన్నరొట్టె ముక్క కావాలి. ఆ ఓర్వలేనితనమే ఇవాళ దిక్కు. అందుకే వాకిట్లో ఉన్న వాళ్లందరి చేతా తినిపిస్తోంది. హమాలీలు వరసగా కూర్చుని జామపండ్లు, ఉడకబెట్టిన మక్కకంకులు కొరుకుతున్నారు. రోజంతా బస్తాలు మోసి అలసిన మనుషులు, తినమంటే తింటున్నారు కానీ తప్పు చేసిన పిల్లల్లా తల దించుకుని తింటున్నారు. "నోరు జర తెరిసి నములున్రి, సప్పుడు రావాలె. పైకి మాత్రం సూడొద్దు," అని ఆమె అంటే, హమాలీ మేస్త్రీ ఎర్రన్న పాపం కంకిని పళ్లతో కరకర లాగాడు. భర్త కిషన్ కుదురుగా కూర్చోవడం లేదు. నిచ్చెన తెప్పిస్తానంటాడు, ఫోను తీస్తాడు, ఎవరికో చేయబోయి ఆమె ముఖం చూసి జేబులో పెట్టుకుంటాడు. "మీరు జర సప్పుడు చెయ్యకున్రి, మీ నిచ్చెన సూస్తే వాడు సిద్దుల గుట్ట దాకా పోతడు," అంది కమలాబాయి. ఆయన మక్కకంకి తీసుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్క మాటకు కూర్చున్నది ఇదే మొదటిసారి కావచ్చు.

తప్పెవరిది? ఎర్రన్నది అనడానికి నోరు రాదు. రత్నవ్వది అసలే కాదు. అదిగో, తన పసుపు కుప్ప పక్కన కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, మరో చేత్తో పండు తింటోంది ముసలమ్మ, దొంకేశ్వర్ నుంచి ట్రాక్టర్ మీద వచ్చింది. "నా నోరు పడిపోను, నేనెందుకు అడిగితి సేటమ్మా," అంటుంది, ఒక ముక్క తింటుంది, మళ్లీ అంటుంది. అడగడానికి కారణం ఆమె కాదు, ఈ వాకిలి. చిన్నసేటు బోను వదిలి తిరగడం మొదలెట్టిన కొత్తలో కమ్మర్‌పల్లి రైతు ఒకాయన కుప్ప వాడు ఎక్కి, ఒక కొమ్ము కాలితో పట్టుకుని కొరికి, ముఖం అదోలా పెట్టి ఉమ్మేశాడు. ఆ పూట ఆ కుప్పకే మంచి ధర పలికింది. ఇంకేముంది! మరుసటి రోజు నుంచి వచ్చిన ప్రతి రైతూ చిన్నసేటును మా కుప్ప మీద కూర్చోబెట్టండి అనేవాడే. ధర కొమ్ము పొడవును బట్టి వస్తుంది, తేమను బట్టి వస్తుంది, అది వాళ్లకు తెలియదా? ఆమెకన్నా బాగా తెలుసు. అయినా తొమ్మిది నెలలు నేలలో పెట్టి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి తెచ్చిన పంట ఎవడో చూసి ఒక అంకె చెప్తాడు. ఆ అంకెకు ముందు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి మనిషికి. పసుపు దుమ్ము పక్షి ఊపిరికి మంచిది కాదని పశువుల డాక్టరు చెప్పాక ఆమె ఆ ముచ్చట మాన్పించింది. సీజను మొదటి కుప్పకు కొబ్బరికాయ కొట్టేనాడు ఒక్కసారి, అంతే. కానీ ఇవాళ రత్నవ్వ రెండు చేతులూ పట్టుకుంది. మనవరాలి చదువంది, నిరుడు వానలకు దుంప కుళ్లిందంది. కమలాబాయి కరిగిపోయింది. చిన్నసేటును భుజం మీద ఎక్కించుకుని వచ్చి కుప్ప మీద దింపింది. సరిగ్గా అప్పుడే వెనక కుప్ప మీద కప్పిన తాడిపత్రి పట్టాను ఎర్రన్న రోజూ దులిపినట్టే దులిపాడు. ఫట్‌మని తుపాకీ పేలినట్టు మోగింది. కళ్లు మూసి తెరిచేలోపు వాడు రేకుల మీద ఉన్నాడు.

రెక్కలు కత్తిరించమని కిషన్ ఎన్నిసార్లు చెప్పాడు! అందరూ కత్తిరిస్తారట, నొప్పి ఉండదట, గోళ్లు తీసినట్టేనట. ఆమె ఒప్పుకోలేదు. ఇచ్చిన దేవుడికి లేని అభ్యంతరం మనకెందుకు అంది. పెద్ద మాటే అంది. ఇప్పుడు ఆ మాట రేకుల మీద కూర్చుని కాళ్లు మారుస్తోంది. రెక్కలు ఉంచింది సరే, వాటిని వాడడం నేర్పిందా? హాలులో ఈ మూల నుంచి ఆ మూలకు, కిటికీ నుంచి ఆమె భుజానికి, అంతకు మించి చోటెక్కడిది ఈ కొంపలో. దిగడం నేర్పాల్సింది, మేడ మెట్ల మీద నుంచి పిలిచి పిలిచి నేర్పాల్సింది. బాదంపప్పు చూపిస్తే ఏదైనా నేర్చుకునేవాడు. బోను గొళ్లెం తీయడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. తాళం వేస్తే తాళంచెవి ఎక్కడ పెడుతున్నామో చూసి పెట్టుకున్నాడు. చివరికి బోనే తీసేశారు. వాడి బుద్ధి తలుచుకుంటే ఇంత కంగారులోనూ ఆమెకు నవ్వొచ్చింది. కిషన్ దగ్గు ఒకటుంది, దుకాణంలోకి అడుగు పెట్టేముందు దగ్గుతాడు. అది వినబడగానే హమాలీలు బీడీలు ఆర్పి లేచి నిలబడతారు. ఒక మధ్యాహ్నం ఆ దగ్గు వినబడింది, అందరూ లేచారు, సేటు లేడు. వాకిట్లోకి తెరుచుకునే హాలు కిటికీ ఊచ మీద చిన్నసేటు. మళ్లీ దగ్గాడు. మళ్లీ లేచారు. అలా రెండ్రోజులు వాళ్లను లేపి కూర్చోబెట్టి, తర్వాత తూకం అయిందని చెప్పే కరెంటు కాంటా కూత నేర్చుకున్నాడు. సగం తూచిన బస్తాలు దింపేస్తుంటే కిషన్ కాంటా బాగుచేసేవాణ్ణి పిలిచి చెడామడా తిట్టాడు. అతను కాంటా విప్పి చూస్తుంటే పైనుంచి మళ్లీ కూత. ఆ రోజు ఈ వాకిలి నవ్విన నవ్వు! నవ్వడానికి ఒక కారణం రోజూ ఇంట్లో తిరుగుతుండడం అంటే చిన్న విషయమా?

కాకులు వచ్చాయి. మొదట రెండు, తర్వాత గుంపు. రేకుల మీద గంతులేస్తూ చుట్టూ చేరుతున్నాయి, ఒకటి తోక పట్టి లాగి తప్పుకుంది. చిన్నసేటు రెక్కలు సగం విప్పి అరిచాడు. ఆ అరుపు ఎలాంటిదో వినని వాళ్లకు వివరించలేం. పొద్దున ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి అరుస్తాడు, బజారు అవతలి వాళ్లు గడియారం చూసుకోనక్కర్లేదు. పక్కింటి వాళ్లతో ఎన్ని మాటలు పడింది ఆ అరుపు వల్ల! మాటలే కాదు, తలుపు చెక్కలు నమిలేశాడు, కిషన్ కళ్లజోళ్లు నమిలేశాడు, ఆమె కుంకుమ భరిణె మూత నమిలేశాడు. నమలడం వాడికి ఊపిరి లాంటిదని తెలిశాక వేపకొమ్మలు, జామకొమ్మలు తెప్పించి పెట్టడం మొదలుపెట్టింది. తెల్లవారక ముందే లేచి నానబెట్టిన శనగలు, పండ్లు, మునగాకు. ఉప్పు లేదు, నూనె లేదు. చాక్లెట్ ముక్క దగ్గరికి రానివ్వదు. నాన్‌స్టిక్ పెనం మాడితే ఆ పొగకు ఇలాంటి పక్షులు నిలువునా పోతాయని తెలిసి, కొడుకు పెళ్లికి వచ్చిన అలాంటి పెనాలన్నీ ఊరంతా పంచేసింది. ఎండాకాలం పొద్దున్నే నీళ్లు చిలకరించాలి, రెక్కలు విప్పి నిలబడి స్నానం చేస్తాడు, నీలం మీద నీలం మెరుస్తుంది. ఎంత దగ్గరి వాళ్ల పెళ్లికి వెళ్లినా దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాలి. అక్క కూతురి పెళ్లిలో అప్పగింతలు చూడకుండా లేచి వచ్చింది. అక్క ఏడాది మాట్లాడలేదు. ఒక పక్షి కోసమా అని అందరూ అడిగారు. అవును, పక్షి కోసమే. అక్రోటును పుటుక్కున పగలగొట్టే ముక్కు వాడిది. ఆమె కళ్లు మూసుకుని కుర్చీలో వాలితే అదే ముక్కుతో ఆమె కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటే సవరిస్తాడు. ఇన్నేళ్లలో ఒక్క గీత పడలేదు. అంత బలం ఉండి అంత మెత్తగా ఉండగలిగిన వాళ్లను ఆమె మనుషుల్లో చాలా తక్కువ మందిని చూసింది. వాడంటే ఆమెకు ముద్దు మాత్రమే కాదు, గౌరవం.

వచ్చినప్పుడు ఇలా లేడు. సాంగ్లీకి పసుపు లోడుతో వెళ్లిన కిషన్ ఒక తెల్లవారుజామున లారీ క్యాబిన్‌లోంచి గోనె కప్పిన బోనుతో దిగాడు. అక్కడి వ్యాపారి తల్లి పెంచిన పక్షి. ఆ ముసలమ్మ పోయాక ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు, వచ్చిన వాళ్లను కరిచాడు, చివరికి తనను తానే కరుచుకున్నాడు. గోనె తీస్తే ఛాతీ మీద ఒక్క ఈక లేదు. ఉత్త చర్మం, అక్కడక్కడా రక్తం. తన ఈకలు తనే పీక్కున్నాడు. "మంది ఇంట్ల దుఃఖం మనమెందుకు తెచ్చుకోవాలె?" అని అప్పుడు అరిచింది కిషన్ మీద. మరి ఎందుకు అక్కడే కూర్చుంది? రోజూ బోను పక్కన పీట వేసుకుని, వాడి వైపు చూడకుండా, కూరగాయలు తరుగుతూ. ఎన్ని నెలలో. ఒక రోజు వాడే వచ్చి ఊచల మధ్య నుంచి బెండకాయ ముక్క లాక్కున్నాడు. ఆ తర్వాత ఛాతీ మీద చిన్న పసుపు మొలక కనబడింది. ఆ మొలకను చూసి ఆమె ఏడ్చినట్టు కొడుకు మధుకర్ మొదటి పన్ను చూసి కూడా ఏడవలేదు. ఈ మాట మధుకర్‌తో అనకూడదు, పాపం ఇవాళ వాడు కూడా సాంగ్లీలోనే ఉన్నాడు లోడుతో.

అసలు భయం వేరే. వాడు అరవై ఏళ్లు బతుకుతాడట, ఇంకా ఎక్కువట. వాడి వయసు పాతిక ఉంటే గొప్ప. ఆమెకు యాభై దాటాయి, మోకాళ్లు అప్పుడే వద్దంటున్నాయి. లెక్క చేయనక్కర్లేదు, ఎవరు ముందో తెలుస్తూనే ఉంది. ఒక ముసలమ్మ పోతే వాడు ఛాతీ చీరుకున్నాడు, రెండో ముసలమ్మ పోతే? నిరుడు వానాకాలం పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయి నిజామాబాద్ దవాఖానలో పడుకున్నప్పుడు కుట్ల నొప్పి కన్నా ఈ ఆలోచనే ఎక్కువ బాధించింది. ఫోనులో రోజూ ఒకటే అడిగేది, తిన్నాడా అని. తిన్నాడు తిన్నాడు అనేవాడు కిషన్. ఇంటికి వచ్చి చూస్తే మెడ కింద ఈకలు కొంచెం పలచబడ్డాయి, అంతే. నా కోసం ఓర్చుకున్నాడు, నా తండ్రి, అని మురిసిపోయింది. కానీ ఓర్పు వారం రోజులకు సరిపోతుంది, ముప్పై ఏళ్లకు సరిపోదు. నా తర్వాత ఎవరు? కిషన్‌ను చూస్తే ముక్కు చాపుతాడు. మధుకర్ ఇంట్లో ఉండేదే తక్కువ. కోడలు శ్రేయకు పెళ్లయిన కొత్తలోనే వేలు కొరికి కుట్లు వేయించాడు; ఆ రోజు నుంచి ఆ పిల్ల హాలులో గోడ పక్క నుంచి నడుస్తుంది. వాడు కమలాబాయిని తప్ప ఎవరినీ ఎరగడు. ఇన్నాళ్లూ అది చెప్పుకుని గర్వపడింది కూడా. ఇప్పుడు రేకుల మీద ఒంటరిగా నిలబడి ఉన్నది ఆ గర్వమే అనిపించి జామపండు పక్కన పెట్టేసింది.

"అత్తమ్మా, నేను డాబా మీదికి ఎక్కుతా," అంది శ్రేయ పక్కకు వచ్చి, గొంతు తగ్గించి. "గాడికెల్లి అయితే వానికి సీదా కనబడ్త. ఇంత కిందికి దునుకుడు వానికి చేతకాదు."

దుకాణం మీది డాబా గోదాము కప్పుకు కొంచెమే తక్కువ ఎత్తు. ఈ మాట తనకెందుకు తట్టలేదు! తట్టినా ఆ ఇనుప మెట్లు ఈ మోకాళ్లతో ఎక్కేదెవరు. "నువ్వెందుకు బిడ్డా, నీకు వాడంటే భయమాయె," అంది. శ్రేయ ఆగలేదు. మక్కకంకి కూడా తీసుకోలేదు. ఉత్త చేతులతో గబగబా మెట్లెక్కి వెళ్లిపోయింది. పిల్ల మంచిదే, పైగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని దుకాణం లెక్కలన్నీ చూస్తుంది, మాట తక్కువ. ఇది మాటల పని కాదు, వాడి పని. వాడు ఆ పిల్లను చూసి ఇంకా దూరం లేస్తే? ఆపుదామని కమలాబాయి లేచింది. కిందున్న వాళ్లంతా పైకి చూడొద్దన్నది మరిచిపోయి పైకి చూశారు.

చిన్నసేటు ముందుకు వంగాడు. కాళ్లు మార్చడం మానేశాడు. రెక్కలు విప్పాడు, పూర్తిగా, ఇంట్లో ఎన్నడూ విప్పనంతగా. ఈ చివర నుంచి ఆ చివరకు గజం పైనే. కప్పు అంచు నుంచి జారాడు, రత్నవ్వ కెవ్వుమంది, రాయిలా పడుతున్నాడనుకున్నంతలో గాలి వాడిని ఎత్తుకుంది. గోడ దాటాడు, రోడ్డు దాటాడు, తీగల పైనుంచి వెళ్లాడు. కాకులు కొంతదూరం తరిమి, చేతగాక వెనక్కి తిరిగాయి. ఎండ ఏటవాలుగా పడి పైకి తేలితే నీలం, పక్కకు ఒరిగితే పసుపు. వాడికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, వాడి ఒంట్లోనే ఉంది, ఇన్నాళ్లూ హాలులో మడిచి పెట్టుకుని తిరిగాడు. సిద్దుల గుట్ట రాళ్ల దిక్కున చిన్న చుక్క అయిపోయాడు. పోతున్నాడు అనుకుంది. విచిత్రం, ఆ క్షణం ఆమెకు భయం వేయలేదు, ఎంత బాగున్నాడో, ఎంత బాగున్నాడో అనుకుంది. హమాలీలు కంకులు చేతుల్లో పట్టుకుని నోళ్లు తెరిచి నిలబడ్డారు. కిషన్ ఆమె చేయి పట్టుకున్నాడు. చుక్క ఒరిగింది, తిరిగింది, పెద్దదయింది. వస్తున్నాడు! కమలాబాయి చేయి చాపింది. రెక్కల గాలి ముఖానికి తగిలింది, ఆమె నెత్తి మీదుగా వెళ్లి, పైకి లేచి, డాబా మీద ఉత్త చేతులతో నిలబడిన శ్రేయ భుజం మీద వాలాడు.

శ్రేయ బెదరలేదు. వాడి బరువుకు సరిపడా నడుము ఒకవైపు ఒంచింది, మెడ అవతలికి తిప్పి చోటిచ్చింది. వాడు ఆయాసపడుతూ ముక్కు ఆమె మెడలో దూర్చాడు. వాడిని మొదటిసారి మోసేవాళ్లు అలా ఒంచరు నడుము. కమలాబాయికి ఎక్కడో చురుక్కుమంది, అసూయే, ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

"కమ్మలు తియ్యి బిడ్డా, పీకుతడు!" అని అరిచింది.

"తీసిన అత్తమ్మా."

"జుట్టుకు పిన్ను?"

"గది కూడా తీసిన. నా దగ్గర ఏం లేదు."

"వీపు మీద నిమరకు, వానికి నచ్చది. మెడ కింద..."

"తెలుసు అత్తమ్మా. మీరు దవాఖానల ఉన్నప్పుడు వాడు ఈకలు పీకుడు షురూ చేసిండు. ఒక్కన్నే విడిచిపెట్టబుద్ధి కాలె. గప్పటి సంది మీరు మధ్యాహ్నం పండుకున్నప్పుడల్ల పైకి వస్తడు నా దగ్గరికి." కొంచెం ఆగి, "మీకు చెప్తే బాధపడ్తరని చెప్పలె," అంది.

కమలాబాయి నోరు తెరిచింది. చెవుల సంగతి, జుట్టు సంగతి, మెడ సంగతి అయిపోయాయి. వాడి గురించి ఆ పిల్లకు చెప్పాల్సింది ఇంకేదైనా ఉందా అని వెతుక్కుంది, ఒక్కటీ దొరకలేదు. కళ్లు నిండాయి. నా తర్వాత ఎవరు అని ఇన్నాళ్లూ భయపడింది, జవాబు డాబా మీద నిలబడి ఉంది.

"ఇగ కిందికి తెమ్మను, చీకటి పడ్తున్నది," అన్నాడు కిషన్.

"తొందరేమున్నది మీకు," అంది కమలాబాయి ముఖం తుడుచుకుంటూ. పైకి చూసి గొంతు పెంచింది. "శ్రేయా, దించకు వాన్ని. జరసేపు గాడనే కూసోన్రి ఇద్దరు."